12 మిల్లీమీటర్ల పాయింట్ల ఫిక్స్చర్: ఎనిమిది పాయింట్లు చేశాక రాస్తున్న రివ్యూ

పోయిన ఏడాది ఉగాదికి ముందు ఆర్డర్ పెట్టిన అల్యూమినియం దిమ్మ గురించి ఇది, దీన్నే ఫిక్స్చర్ అంటారు. జానెడు కంటే కొంచెం ఎక్కువ పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు ఉంటుంది. పైన రైలు ముక్కలు (విడి భాగాల గురించి చెప్పేటప్పుడు రైలు అంటే పట్టా అనుకోండి) కూర్చోవడానికి సన్నటి గాడులు, వాటికి అడ్డంగా స్లీపర్లు, అంటే పట్టాల కింది అడ్డచెక్కలు, పట్టే గాడులు మిషన్ మీద కోసి ఉంటాయి. మోడల్ రైల్వేలో పాయింట్లు, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోటి పట్టాల కూర్పులు, కొనకుండా చేత్తో చేసుకునేవాళ్ళ కోసం విదేశంలో ఒక చిన్న కంపెనీ తయారుచేస్తుంది. దాంతోపాటు టంగ్ రైలు (పాయింటులో అటూ ఇటూ కదిలే మొన పట్టా) అరగదీసే దిమ్మ ఒకటి, పట్టాల మధ్య దూరం చూసే ఇత్తడి గేజ్‌లు మూడు తెప్పించాను. షిప్పింగ్, సుంకం అన్నీ కలిపి నాకు 31 వేలు దాటింది. అంత డబ్బు పెట్టే ముందు తెలుగులో ఎవరైనా రాశారేమో అని చాలా వెతికాను, దొరకలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ ఎవరికి పనికొస్తుందో అర్థం కాదు. మాది తిరుపతి. బ్యాంకులో ఉద్యోగం. ఈ పని మొదలుపెట్టే దాకా టంకం పెట్టడం రాదు, ఆకురాయి పట్టుకోవడం కూడా రాదు. మా నాయన పాకాల-ధర్మవరం మీటర్ గేజ్ లైను మీద కీమేన్‌గా, అంటే పట్టాలు చూసుకునే పనివాడిగా, చేశాడు. పీలేరు దాటి కలికిరి వైపు ఆయన బీటు. రోజూ పొద్దున్నే సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ వెంట పోయేవాణ్ణి. ఆ లైను బ్రాడ్ గేజ్ అయిపోయింది. ఇప్పుడు ఆ దారిలో రైలెక్కితే స్టేషన్ల పేర్లు అవే, దామలచెరువు, పీలేరు, కలికిరి, వాయల్పాడు. కానీ ఆ సన్నటి పట్టాలు లేవు. మూడు లైన్లు, ఒక గూడ్స్ సైడింగ్ ఉన్న అప్పటి చిన్న స్టేషన్ ఒకటి మేడ మీది గదిలో చేయాలని చాలా ఏళ్ళ కోరిక.

రెడీమేడ్ పాయింట్లు కొనవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 1:87 స్కేల్‌లో, అంటే అసలులో 87వ వంతు సైజులో, మీటర్ గేజ్‌కు 12 మిల్లీమీటర్ల ట్రాక్ వాడతారు, దాన్ని హెచ్ఓఎం అంటారు. లెక్క ప్రకారం మీటరును, అంటే 1000 మిల్లీమీటర్లను, 87తో భాగిస్తే పదకొండున్నర వస్తుంది, 12 దగ్గరే. ఆ గేజ్‌లో ట్రాక్ దొరుకుతుంది. అయితే అది ఎక్కువగా యూరప్ మీటర్ గేజ్ లైన్లను, ముఖ్యంగా స్విట్జర్లాండ్ కొండ రైళ్ళను మనసులో పెట్టుకుని చేసింది. బెమో, టిలిగ్ లాంటి కంపెనీల సరుకు నాణ్యంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ మన లైను రూపం వేరు. మన మీటర్ గేజ్ చెక్క స్లీపరు ఆరు అడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు. స్కేల్‌లో 21 మిల్లీమీటర్ల పొడవు, 2.3 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. రైలు కూడా అంతే. నాయన బీటులో గజానికి 60 పౌండ్ల బరువుండే రైలు ఉండేదట. దాని ఎత్తు నాలుగున్నర అంగుళాలు, అంటే 114 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 1.3 మిల్లీమీటర్లు. మోడల్ రైలును కోడ్ నంబరుతో కొంటారు. కోడ్ 55 అంటే ఎత్తు అంగుళంలో వెయ్యికి 55 వంతులు, అంటే 1.4 మిల్లీమీటర్లు. మనకు సరిగ్గా సరిపోయేది అదే. కోడ్ 70, కోడ్ 83 రైళ్ళు పట్టి చూస్తే బ్రాడ్ గేజ్‌లా కనిపిస్తాయి. (బ్రాడ్ గేజ్ చేసేవాళ్ళకు ఒక మాట: మీటరుకు 52 కిలోలుండే మన రైలు ఎత్తు 156 మిల్లీమీటర్లు, అది 1:87లో కోడ్ 70కి దాదాపు కచ్చితంగా వస్తుంది. కానీ మన 1676 మిల్లీమీటర్ల గేజ్ ఆ స్కేల్‌లో 19 పైచిలుకు అవుతుంది. ఆ స్కేల్‌లో దొరికే మామూలు ట్రాక్, హెచ్ఓ అంటారు, 16.5 మిల్లీమీటర్లే. కాబట్టి వాళ్ళకూ చేత్తో వేసుకోవడమే దారి.)

ఇక ఫిక్స్చర్ ఎలా పనిచేస్తుందో చెప్తాను. స్లీపర్లలో కొన్నిటిని, నా దాంట్లో 13, సర్క్యూట్ బోర్డు అట్టతో చేస్తారు. పైన రాగి పూత ఉంటుంది కాబట్టి రైలును దాని మీద నేరుగా టంకంతో అతికించవచ్చు. ఆ పట్టీలను అడ్డగాడుల్లో పెట్టి, రెండు స్టాక్ రైళ్ళు (బయటి వైపు కదలని పట్టాలు), రెండు టంగ్ రైళ్ళు, క్రాసింగ్ ముక్కు (రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటి మొన), దాని పక్కన వంగి ఉండే వింగ్ రైళ్ళు వరసగా వాటి గాడుల్లో దించి, ఒక్కో చోట టంకం పెట్టుకుంటూ పోవాలి. అంతా అయ్యాక పాయింటు మొత్తం ఒక్క ముక్కగా పైకి లేస్తుంది. దిమ్మ అల్యూమినియం కాబట్టి దానికి మామూలు టంకం అంటుకోదు. అల్యూమినియం మీద ఎప్పుడూ ఉండే సన్నటి ఆక్సైడ్ పొర వల్ల అలా జరుగుతుంది. ఎంత టంకం కారినా గోటితో గీకితే ఊడి వస్తుంది. ఈ ఒక్క ఆలోచనకు వాళ్ళకు దండం పెట్టాలి.

ఆ అల్యూమినియమే నాకు మొదటి కష్టం తెచ్చింది. అది వేడిని పీల్చేస్తుంది. నా దగ్గరున్న 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ పెడితే టంకం ముద్దగా నిలబడింది, కరిగి పారలేదు. తగరం, సీసం 60/40 పాళ్ళలో ఉన్న టంకం 190 డిగ్రీల లోపే పూర్తిగా కరుగుతుంది. కానీ రైలు, పట్టీ రెండూ ఆ వేడికి రావాలి. కింద దిమ్మ మాత్రం వేడిని లాగుతూనే ఉంటుంది. మూడు చోట్ల అతుకు ఊడొచ్చింది. ఆ రాత్రి పడుకోలేదు, ఇంత డబ్బు పోసి తప్పు చేశానా అని టెన్షన్. తర్వాత 60 వాట్ల ఐరన్, ఉలి మొన లాంటి వెడల్పాటి టిప్పు కొన్నాక పని సాగింది. ఎక్కువ వేడితో రెండు సెకన్లు పెట్టి తీసేయడం మంచిది. తక్కువ వేడితో పది సెకన్లు పెడితే రాగి పొరే అట్ట నుంచి లేచిపోతుంది. కంపెనీ వాళ్ళిచ్చిన చిన్న పుస్తకంలో వాట్ల గురించి ఒక్క మాట లేదు. కొత్తవాళ్ళకు అమ్మే వస్తువుతో ఈ సంగతి మొదటి పేజీలోనే చెప్పాలి.

రెండో కష్టం గాడులది. నేను రైలు వేరే కంపెనీ దగ్గర కొన్నాను, కొంచెం చవకగా దొరికిందని. కోడ్ 55 అంటే ఎత్తు ఒక్కటే చెప్తుంది. రైలు అడుగు వెడల్పు కంపెనీకి ఒక రకంగా ఉంటుంది. నా రైలు అడుగు గాడిలోకి దిగలేదు. తోస్తే వంకర పోయింది. చివరికి అన్ని ముక్కల అడుగునూ రెండు పక్కలా కొంచెం కొంచెం అరగదీసి దించాను. మొదటి నాలుగు పాయింట్లకు ఇదే పని. తర్వాత ఫిక్స్చర్ వాళ్ళు చెప్పిన రైలే తెప్పిస్తే వెన్నలో కత్తిలా దిగింది. కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు ఈ ఫిక్స్చర్ ఏ కంపెనీ రైలుకు కోశారు అని అడగండి. దిమ్మ, రైలు ఒకేసారి తెప్పించండి. షిప్పింగ్ కూడా కలిసొస్తుంది.

ఈ రైలు లోహం గురించి ఒక ముచ్చట. వాళ్ళు నికెల్ సిల్వర్ అంటారు. అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింక్ కలిపిన మిశ్రమం. మన బజార్లో జర్మన్ సిల్వర్ అని పూజ సామాను, కుంకుమ భరిణెలు అమ్ముతారే, అదే జాతి. ఈ సంగతి నాకు గాంధీ రోడ్డు వెనక సందులో నగల పని చేసే ఆచారి గారు చెప్పారు. నేను ఆకురాళ్ళు కొనడానికి పోయి, ఏ సైజు కావాలో తెలియక రైలు ముక్క చూపించాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి, వంచి చూసి, "ఇది జర్మన్ సిల్వర్ కదప్పా, దీనికి నగల ఆకురాయే సరి" అన్నారు. నాలుగు సాయంత్రాలు తన బల్ల పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించారు. ముందుకు తోసేటప్పుడే ఆకురాయి కోస్తుంది, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి, లేకపోతే పళ్ళు పోతాయి. మోచెయ్యి ఒంటికి ఆనించుకోవాలి. అరుగుతున్న అంచును కంటితో కాకుండా బొటనవేలితో చూడాలి. ఫిక్స్చర్ వీడియోలు ఎన్ని చూసినా రాని పని అక్కడ నాలుగు రోజుల్లో వచ్చింది. 31 వేల సామానుకు ఆయన నేర్పిన విద్యే ప్రాణం పోసింది, ఈ మాట నిజంగా అంటున్నాను.

ఎందుకంటే పాయింటులో అసలు పని టంగ్ రైలుదే. నిజం లైను మీద గానీ మోడల్‌లో గానీ, టంగ్ రైలు కొస కత్తి మొనలా పలచబడి, స్టాక్ రైలు పక్కన అతుక్కున్నట్టు కూర్చోవాలి. మధ్యలో సందుంటే చక్రం అంచు అందులో దూరి బండి పడిపోతుంది. ఫిక్స్చర్‌తో వచ్చే ఫైలింగ్ దిమ్మలో రైలు ముక్కను వాలుగా పెట్టే గాడి ఉంటుంది. పైకి కనిపించేదంతా అరగదీస్తే సరైన వాలు దానంతటదే వస్తుంది. కొలత, కోణం మీరు చూసుకోనక్కర్లేదు. ఇది చాలా బాగా చేశారు. క్రాసింగ్ ముక్కుకు కూడా అదే దిమ్మలో రెండు గాడులున్నాయి. రెండు ముక్కలు వాలుగా అరగదీసి జతచేస్తే బాణం మొనలాగా సూదిగా వస్తుంది.

కానీ దిమ్మ వాలు మాత్రమే ఇస్తుంది. స్టాక్ రైలు అడుగున కొంచెం కోసి, టంగ్ రైలు కొస దాని కిందికి దూరేలా చోటు చేయాలి. అది కంటి పని, వేలి పని. మొదటి పాయింటులో ఆ కోత ఎక్కువై స్టాక్ రైలు అక్కడ బలహీనపడింది. రెండోదాంట్లో తక్కువై టంగ్ కొస పైకి లేచి నిలబడింది. ఈ రెండు పాయింట్లూ నేను పారేయలేదు. బల్ల మీద పెట్టుకుని, తరువాతది చేసేటప్పుడు పోల్చి చూసుకుంటాను.

నాయనకు ఇప్పుడు 79 ఏళ్ళు. చూపు తగ్గింది గానీ వేళ్ళు తగ్గలేదు. మూడో పాయింటు చేసి ఆయన చేతికిచ్చాను. అద్దాలు తీసేసి, గోరు టంగ్ రైలు మీద నుంచి స్టాక్ రైలు మీదికి మెల్లగా నడిపించాడు.

"కూచోలా. నడి మధ్యలో ఎత్తుంది" అన్నాడు.

"యాడ నాయనా? నాకు కనబడలేదే."

"కనబడేది కాదు రా అబ్బోడా, తగిలేది. నీ గోరు పెట్టి చూడు."

పెట్టి చూశాను. నిజంగానే వెంట్రుక మందం ఎత్తు తగిలింది. నాలుగు చక్రాల వ్యాగన్ ఒకటి తోస్తే సరిగ్గా అక్కడే చిన్నగా ఎగిరింది. ఫిక్స్చర్‌తో వచ్చిన గేజ్ అక్కడ సరిగ్గా ఉందనే చూపించింది. గేజ్ పట్టాల మధ్య దూరం కొలుస్తుంది, ఎత్తుపల్లాలు కొలవదు. అప్పటి నుంచి ఏ పాయింటయినా నాయన గోటి కిందికి వెళ్ళాకే లేఅవుట్ మీదికి వెళ్తుంది.

రెండో రోజు ఆయనే ఇంకో మాట అడిగాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. పాయింటును దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, "ఇది ఎనిమిదిన్నర కాదే?" అన్నాడు. నిజమే. మన స్టేషన్ యార్డుల్లో ఒకటికి ఎనిమిదిన్నర, ఒకటికి పన్నెండు క్రాసింగులు ఉంటాయి. ఎనిమిదిన్నర పాళ్ళు ముందుకు నడిచాక రెండు పట్టాలు ఒక్క పాలు దూరం జరుగుతాయి అని లెక్క. కోణం 6 డిగ్రీల 42 నిమిషాలు. నేను తెప్పించిన ఫిక్స్చర్ విదేశీ లెక్కలో ఆరో నంబరు, అంటే ఒకటికి ఆరు. కోణం తొమ్మిదిన్నర డిగ్రీలు. పాయింటు పొట్టిగా, మలుపు తీవ్రంగా ఉంటుంది. చిన్న గదుల్లో లేఅవుట్ వేసేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ కంపెనీ ఈ గేజ్‌లో ఆరో నంబరు వరకే అమ్ముతుంది. చోటు లెక్క చూస్తే న్యాయమే. నాకు కొనేటప్పుడు తేడా తెలియలేదు. మా నాయన మాత్రం ముప్పై ఏళ్ళు ఎనిమిదిన్నర వెంట నడిచినవాడు, కంటికి కొట్టొచ్చినట్టు కనబడింది.

ఈ ఫిక్స్చర్‌లో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే. దిమ్మలో ఏ కోణం కోసి ఉందో ఆ కోణమే వస్తుంది. కుడి పాయింటుకు ఒక దిమ్మ, ఎడమకు ఇంకొకటి అక్కర్లేదు, నా దాంట్లో రెండూ కోసి ఉన్నాయి. అది మేలు. కానీ వంపులో పడే పాయింటు, మూడు దారుల పాయింటు, ఎనిమిదిన్నర క్రాసింగు కావాలంటే ఈ దిమ్మ ఏమీ చేయలేదు.

అందుకని మెయిన్ లైన్ నుంచి లూప్ లైనులోకి తిరిగే రెండు చోట్ల మాత్రం కాగితం మీద చేశాను. టెంప్లాట్ అని పాయింట్ల డ్రాయింగ్ గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గేజ్ 12, క్రాసింగ్ ఒకటికి ఎనిమిదిన్నర అని చెప్తే అసలు సైజు డ్రాయింగ్ వస్తుంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, నాకు రెండు వారాలు పట్టింది. ఆ కాగితాన్ని చెక్క మీద అతికించి, పట్టీలు దాని మీద పెట్టి, ఇత్తడి గేజ్‌లతో దూరం పట్టుకుని టంకం పెట్టాలి. ఒక్కో పాయింటుకు మూడు ఆదివారాలు పోయాయి. ఫిక్స్చర్ మీద మొదటి పాయింటుకు 9 గంటలు పట్టింది, ఇప్పుడు రెండున్నర గంటలు. ఒక నిజం మాత్రం ఒప్పుకోవాలి. కాగితం మీద ఆ రెండూ నేను చేయగలిగానంటే, ముందు దిమ్మ మీద నాలుగు చేసి చెయ్యి కుదిరింది కాబట్టే. మొదటి రోజే కాగితంతో మొదలుపెట్టి ఉంటే బహుశా వదిలేసేవాణ్ణి.

కరెంటు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. రెండు పట్టాల్లో ఒకదానికి ప్లస్, ఇంకోదానికి మైనస్ వెళ్తుంది. రాగి పట్టీ ఆ రెంటినీ కలిపేస్తుంది కదా. అందుకే ప్రతి పట్టీ మీద రాగి పొరను మధ్యలో సన్నగా కోసి విడదీయాలి. క్రాసింగ్ ముక్కుకు రెండు వైపులా రైలును కూడా కంసాలి రంపంతో కోసి ఖాళీ ఇవ్వాలి. ఆ ముక్కు మీద బండి ఏ వైపు పోతే ఆ వైపు కరెంటు రావాలి కాబట్టి పాయింటు తిప్పే స్విచ్‌తోనే అది మారేలా వైరు ఇస్తాం. ఐదో పాయింటులో పదకొండో పట్టీ కోయడం మర్చిపోయాను. రాగి మీద నల్ల రంగు వేసేశాక షార్ట్ అవుతోంది. ఎక్కడో కనబడదు. మల్టీమీటర్ పెట్టి పట్టీ పట్టీ చూసుకుంటూ పోయేసరికి రాత్రి రెండు దాటింది. ఇప్పుడు దిమ్మ నుంచి లేపగానే, రంగు వేయకముందే, మీటర్ పెట్టి చూస్తాను.

ఫ్లక్స్, అంటే టంకం అంటుకోవడానికి పూసే మందు, దాని విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. టంకం బాగా పారుతుందని రేకు పనివాళ్ళు వాడే యాసిడ్ ఫ్లక్స్ రెండు పాయింట్లకు వాడాను. అతుకు అద్దంలా వచ్చింది. కడగడం మాత్రం పైపైన కడిగాను. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, గాలిలో తేమ. నవంబరు రెండో వారానికి రాగి మీద పచ్చటి చిలుము ఎక్కింది. ఒక టంగ్ రైలు అతుకు ముట్టుకుంటే ఊడింది. రోజిన్ ఫ్లక్స్ చాలు, కొంచెం నెమ్మది అయినా. యాసిడే వాడాలంటే వెంటనే వేడి నీళ్ళు, సబ్బు, పాత టూత్ బ్రష్‌తో తోమి ఆరబెట్టండి.

వేసవి సంగతి కూడా నాయనే ముందు చెప్పాడు. ఎండాకాలం మధ్యాహ్నం పట్టాలు పెరిగి జాయింట్ల దగ్గర సందు మూసుకుపోతుందని, పొద్దున పూట మళ్ళీ తెరుచుకుంటుందని. మా మేడ మీది గది రేకుల కింద ఉంటుంది. మే నెలలో లోపల నిలబడలేం. మోడల్ రైలు మీటరు పొడవుకు 20 డిగ్రీల వేడి తేడాకు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది, లెక్క వేసి చూశాను. చెక్క మాత్రం తేమకు ఎక్కువ కదులుతుంది. ఫిక్స్చర్ మీద చేసిన పాయింటు ఒక్క ముక్కగా గట్టిగా ఉంటుంది కాబట్టి దాని లోపల ఏమీ జరగలేదు. జరిగేదంతా పాయింటుకు, పక్క ట్రాకుకు మధ్య జాయింటులోనే. అక్కడ విజిటింగ్ కార్డు మందం సందు వదిలాను. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాయి. అప్పటికి చేసినవాటిలో ఏ ఒక్కదాని గేజ్ మారలేదు. దిమ్మ మీద చేసిన ఆరూ ఇప్పటికీ 12 మిల్లీమీటర్ల గేజ్‌కు బిగువుగా, ఒకేలా ఉన్నాయి. కాగితం మీద చేసిన రెంటిలో ఒకటి మాత్రం చేసినప్పుడే ఒక చోట వెంట్రుక మందం వెడల్పుగా వచ్చింది. ఇక్కడ దిమ్మకే పూర్తి మార్కులు.

మిగతా సామాను ఇక్కడే దొరుకుతుంది. రాగి పూత అట్ట చెన్నై రిచీ స్ట్రీట్‌లో పెద్ద షీట్లు కొని నేనే పట్టీలుగా కోశాను. కంపెనీ అమ్మే రెడీ పట్టీల ధరలో ఐదో వంతు పడింది. మందం మాత్రం గాడికి సరిపోయేది చూసుకోండి. మిగతా స్లీపర్లు వడ్రంగి దగ్గర మిగిలిపోయిన టేకు బద్దల్లో కోయించాను. ఇనుప మేకులు వెనిగర్‌లో వారం నానబెట్టి, టీ డికాక్షన్‌లో ముంచిన చెక్కకు ఆ నీళ్ళు పూస్తే పాత స్లీపరు బూడిద రంగు వస్తుంది. కంకరకు మా జిల్లా గ్రానైట్ క్రషర్ పొడి. టీ వడపోసే జల్లెడలో రెండుసార్లు పట్టి, ఫెవికాల్‌ను నీళ్ళలో కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి డ్రాపర్‌తో పోశాను. టంగ్ రైళ్ళ దగ్గర జిగురు పోకుండా ముందు ఒక చుక్క నూనె రాయండి. లేకపోతే అంత కష్టపడి చేసిన పాయింటు గట్టిగా పట్టేస్తుంది.

పార్సిల్ గురించి ఒక మాట. నాది సుంకం దగ్గర 18 రోజులు ఆగింది. అల్యూమినియం దిమ్మ ఏమిటో, ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదు. ఫోటోలు, బిల్లు, ఒక ఉత్తరం పంపాక వదిలారు. పంపేవాళ్ళతో పెట్టె మీద మోడల్ రైల్వే పనిముట్టు అని స్పష్టంగా రాయమని చెప్పండి.

కొనాలా వద్దా అంటే నా మాట ఇది. మీ లేఅవుట్‌లో ఒకే రకం పాయింట్లు ఆరు, అంతకంటే ఎక్కువ ఉంటే కొనండి. డబ్బు వసూలవుతుంది, అంతకంటే ముఖ్యం, బండి పడదు. రెండో మూడో పాయింట్లే అయితే ఈ దిమ్మ వద్దు. ఫైలింగ్ దిమ్మ ఒక్కటీ, మంచి గేజ్‌లు రెండూ తెప్పించుకుని కాగితం మీద చేయండి. తీరిక చూసుకుని, వీలైతే నగల పని తెలిసినవాళ్ళ దగ్గర కొన్నాళ్ళు కూర్చోండి. మన ఎనిమిదిన్నర కావాలనుకునేవాళ్ళకు ఈ ఫిక్స్చర్ సరిపోదు. కొనే ముందు కంపెనీకి రాసి అడగండి. నేను రాశాను. ఎక్కువమంది అడిగితే కోస్తామన్నారు. ఈ గేజ్‌లో పనిచేసే మనవాళ్ళు ఎవరైనా ఉంటే మీరూ రాయండి.

నిన్న సాయంత్రం ఎనిమిదో పాయింటు నాయన ముందు పెట్టాను. గోరు నడిపించాడు, ఏమీ అనలేదు. వ్యాగన్ రెండు వైపులా పది సార్లు తోశాడు, పడలేదు. తర్వాత చెక్ రైలు (ముక్కు దగ్గర చక్రం దారి తప్పకుండా ఎదురు పట్టా పక్కన పెట్టే ముక్క) దగ్గర ఆగి, రైలుకు దానికి మధ్య సందు చూశాడు. నిజం లైనులో అది నలభై పైచిలుకు మిల్లీమీటర్లే, మోడల్ చక్రాల అంచులు లావు కాబట్టి మేము దాదాపు రెట్టింపు ఇస్తాం అని చెప్పాను. విన్నాడు. ఆయన చూస్తున్నది సందు వెడల్పు కాదట, చెక్ రైలు ముక్కుకు ఎదురుగా రాకుండా కొంచెం ముందుకు పోయిందట. చాక్‌పీస్ అడిగి స్టాక్ రైలు పక్కన చిన్న గీత గీశాడు. "ఇక్కడికి జరుపు" అన్నాడు. ఆదివారం ఐరన్ వేడి పెట్టి జరపాలి.